మంచు పడని హైదరాబాద్‌లో మోకాలిని మంచుకు సిద్ధం చేసుకోవడం ఎలా

స్నోబోర్డింగ్‌లో నా ఎడమ మోకాలి ఏసీఎల్ (మోకాలి లోపల రెండు ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్) తెగింది నిటారు వాలు మీద కాదు, గాల్లోకి ఎగిరినప్పుడూ కాదు. సాయంత్రం ఆఖరి రన్ కోసమని, అంటే ఆఖరిసారి వాలు దిగుదామని పైకి వెళ్లి, కుర్చీ లిఫ్ట్ (తీగకు వేలాడుతూ వాలు పైకి తీసుకెళ్లే కుర్చీ) దిగుతుంటే తెగింది. ముందు కాలు బోర్డుకు కట్టి ఉంది, వెనక కాలు విడిగా ఉంది. బోర్డు ముక్కు మెత్తటి మంచులో దిగబడింది. ఒళ్లు ముందుకు పోయింది, మోకాలు అక్కడే మెలి తిరిగింది. లోపల ‘టప్’మని చప్పుడు. మనిషి నడిచే వేగం కూడా లేదప్పుడు.

ఫిబ్రవరిలో పడ్డాను. ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో సర్జరీ అయింది. మరుసటి ఏడాది మార్చి మొదటి వారంలో కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో మళ్లీ బోర్డు కట్టుకున్నాను. అప్పట్నుంచీ తెలిసినవాళ్లలో ఎవరి మోకాలికి దెబ్బ తగిలినా నాకు ఫోన్ వస్తుంది. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: “ఎన్ని నెలలకి వెళ్లొచ్చు?” నెలలు లెక్కపెట్టుకుని టికెట్ కొనొద్దు, కాలు కొలిపించుకుని కొనండి అని చెబుతాను. ఆ కొలత ఏమిటి, అక్కడిదాకా ఎలా చేరాలి, చేరాక మంచు మీద మొదటి రోజుల్లో ఏం చేయాలి అన్నది ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీ సర్జన్, మీ ఫిజియో చెప్పినదానికి ఇందులో ఏదైనా అడ్డొస్తే వాళ్ల మాటే వినండి, మీ మోకాలిని చూసింది వాళ్లు.

మన ఊళ్లో మంచు లేకపోవడం ఈ విషయంలో మనకు మేలే చేస్తుంది. మనాలిలో ఉండేవాళ్లకు ఆరో నెలలో కిటికీ తీస్తే వాలు కనిపిస్తుంది, కాలు ఆగదు. మనం విమానం ఎక్కితే తప్ప మంచు ముఖం చూడం. ఆ దూరాన్ని వాడుకోండి.

మొదట, లోపల ఏమేం తెగాయో తెలుసుకోండి

“లిగమెంట్ తెగింది” అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవద్దు. ఎంఆర్ఐ రిపోర్టు తీసుకుని డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు నాలుగు సంగతులు అడిగి రాసుకోండి. ఏసీఎల్ పూర్తిగా తెగిందా, కొంతేనా? మెనిస్కస్, అంటే రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే కార్టిలేజ్, దెబ్బతిందా? దాన్ని కుట్టారా, కత్తిరించారా? కొత్త లిగమెంట్‌కు గ్రాఫ్ట్, అంటే దాని స్థానంలో పెట్టే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) ముక్క, ఎక్కడి నుంచి తీశారు?

ఇవెందుకంటే, తర్వాతి ఏడాదంతా వీటి మీదే నడుస్తుంది. మెనిస్కస్ కుట్టి ఉంటే కొన్ని నెలలు లోతుగా గుంజీలు తీయనివ్వరు. గ్రాఫ్ట్ హ్యామ్‌స్ట్రింగ్ నుంచి తీస్తే తొడ వెనక కండరాన్ని మొదట్లో మెల్లగా పనిచేయించాలి. మోకాలి చిప్ప కింది టెండన్ నుంచి తీస్తే మోకాళ్ల మీద కూర్చోవడం చాలాకాలం నొప్పిగా ఉంటుంది. స్నోబోర్డర్‌కి ఇది చిన్న విషయం కాదు. వాలు మీద ఆగినప్పుడల్లా మనం మోకాళ్ల మీద వాలిపోతాం కదా. నాది హ్యామ్‌స్ట్రింగ్. నా పక్క మంచం అబ్బాయిది చిప్ప కింది టెండన్. ఇద్దరం ఒకే వారం సర్జరీ చేయించుకున్నా మా వ్యాయామాలు ఒకేలా సాగలేదు. కాబట్టి పక్కవాళ్లతో పోల్చుకోవడం మొదటి రోజే మానేయండి.

మొదటి మూడు నెలలు: కాలు పూర్తిగా చాపడం, తొడని మేల్కొల్పడం

అందరూ “ఎంత మడుస్తున్నావ్?” అని అడుగుతారు. మీరు మాత్రం ఎంత చాపగలుగుతున్నారో చూసుకోండి. మోకాలు పూర్తిగా చాచుకోకపోతే నడక కుంటిగానే మిగిలిపోతుంది, తొడ ముందు కండరం పూర్తిగా బిగుసుకోదు.

మా ఫిజియో మేడం చేసే పరీక్ష ఒకటుంది. నన్ను చాప మీద పడుకోబెట్టి, మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టేవారు. తర్వాత మోకాలి కిందికి తన అరచేయి దూర్చేవారు. “నా చేతిని నేలకేసి నొక్కండి.” మొదటి వారం ఆమె చేయి అటూ ఇటూ సులువుగా కదిలింది. నేను పళ్లు బిగించి నొక్కుతున్నాననే అనుకున్నాను, తొడ మాత్రం జెల్లీలా వణికి ఊరుకుంది. మూడో వారంలో ఆమె వేళ్లు మాత్రమే కదిలాయి. ఆరో వారంలో ఒకరోజు చేయి ఇరుక్కుపోయింది. “ఇప్పుడు లాగనీయకండి” అన్నారు. ఆ రోజు ఇంటికెళ్లేటప్పుడు నా నడకలో తేడా నాకే తెలిసింది. ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి రోజూ ఇలా చేయించుకోండి. పది నిమిషాలు తువ్వాలు మీద మడమ పెట్టి ఊరికే కాలు వదిలేయడం, ఇరవై సార్లు తొడ బిగించి పదేసి సెకన్లు పట్టి ఉంచడం. రోజుకు మూడు నాలుగు సార్లు చేయాలి.

మన ఇళ్లలో ఈ దశలో వచ్చే చిక్కు, మోకాలి కింద దిండు. చూడవచ్చిన పెద్దవాళ్లు ప్రేమకొద్దీ దిండు తెచ్చి మోకాలి కింద పెడతారు. హాయిగానే ఉంటుంది, కానీ అలా గంటలకొద్దీ ఉంచితే మోకాలు కొంచెం వంగినట్టే బిగుసుకుపోతుంది. దిండు మడమ కిందికి జరపండి.

ఇక అసలు ప్రమాదం ఆరో వారం తర్వాత మొదలవుతుంది. వాపు తగ్గుతుంది, చేతికర్ర పోతుంది, మెట్లు ఎక్కుతారు, స్కూటీ తీయబుద్ధవుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, సుమారు ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య, లోపలి గ్రాఫ్ట్ అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. పెట్టిన టెండన్ ముందు పాత కణాలను పోగొట్టుకుని, కొత్త రక్తనాళాలు తెచ్చుకుని, మెల్లగా లిగమెంట్‌లా మారుతుంది. మోకాలికి బాగానే ఉన్నట్టనిపిస్తుంది, గ్రాఫ్ట్‌కి ఇంకా బాగవలేదు. పెళ్లి బరాత్‌లో రెండు స్టెప్పులేద్దాం అనిపించేది అప్పుడే. వేయకండి.

నాలుగో నెల నుంచి: బలం

ఇక్కడ చాలామంది జారిపోతారు. ఫిజియో సిట్టింగులు అయిపోతాయి, ఆఫీసు పని మీద పడుతుంది, మామూలు జీవితానికి మోకాలు సరిపోతుంది. స్నోబోర్డుకి అది సరిపోదు. వారానికి మూడు రోజులు, ఒక్కోసారి గంట, ఐదారు నెలలు ఆగకుండా జిమ్‌కి వెళ్లాలి. వేరే దారి లేదు.

లెగ్ ప్రెస్, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, స్ప్లిట్ స్క్వాట్, స్టెప్ డౌన్, ఒంటికాలి బ్రిడ్జ్, పిక్కల రెయిజ్‌లు: ఇవి మూలం. లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్ ఎప్పటి నుంచి, ఎంత వంపులో చేయాలో ఫిజియోని అడిగి చేయండి. భయపడి పూర్తిగా మానేస్తే తొడ ముందు కండరం వెనకబడిపోతుంది. ప్రతిదీ ఒక్కో కాలితో చేయండి. రెండు కాళ్లతో చేస్తే మంచి కాలు మీకు తెలియకుండానే బరువంతా మోసేస్తుంది. స్క్వాట్ చేసేటప్పుడు రెండు పాదాల కింద రెండు బాత్రూం తూకాలు పెట్టుకుని చూడండి. సమానంగానే నిలబడ్డానని నేను ప్రమాణం చేసేవాణ్ణి. తూకాలు చూస్తే కుడి కాలు మీద ఎనిమిది కిలోలు ఎక్కువ.

స్టెప్ డౌన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మెట్టు మీద దెబ్బ తగిలిన కాలితో నిలబడి, రెండో మడమను మెల్లగా కింది మెట్టుకు తాకించి పైకి రావాలి. ఇది నేను అమీర్‌పేట మెట్రో స్టేషన్లో, అద్దం గోడ పక్కన మెట్లు దిగుతూ నేర్చుకున్నాను. అద్దంలో చూసుకుంటే ఎడమ మోకాలు ప్రతి మెట్టుకీ లోపలికి, బొటనవేలి వైపు ఒరుగుతోంది. ఏసీఎల్ మీద భారం పెంచే కదలికల్లో అదొకటి. తుంటి పక్క కండరం బలహీనంగా ఉంటే అలా జరుగుతుంది. రెండు నెలలు అదే పని మీద ఉన్నాను: మోకాలు రెండో వేలి మీదుగా వెళ్లాలి, నడుం పక్కకి ఒరగకూడదు, మూడు సెకన్లలో దిగాలి.

మెట్లు ఎక్కడం గుండెకి పని, దిగడం మోకాలికి పని. వాలు మీద బోర్డును ఆపేది కూడా ఈ దిగే బలమే. చలికాలం ఒక ఆదివారం పొద్దున గోల్కొండకి వెళ్లండి. బారాదరి దాకా సుమారు 360 మెట్లు, ఎత్తు పల్లాల రాతి మెట్లు. ఎక్కేటప్పుడు తొందరపడినా పర్లేదు, దిగేటప్పుడు ఒక్కో మెట్టూ నిదానంగా. మర్నాడు పొద్దున మోకాలు వాచిందా చూసుకోండి. వాయకపోతే వచ్చే నెల రెండుసార్లు ఎక్కి దిగండి.

మా అమ్మ కొలబద్ద వేరు. ఐదో నెలలో అన్నం వడ్డిస్తూ, “కింద కూసో బిడ్డా, సూస్త” అంది. బాసింపట్టు వేసుకుని కూర్చుని, చేయి ఆనించకుండా లేవగలిగితే ఆమె దృష్టిలో కాలు బాగైనట్టు. ఫిజియో మేడం దీన్ని కొట్టిపారేయలేదు, మోకాలి వంపు, తుంటి కదలిక, బలం మూడూ అందులో తెలుస్తాయి అన్నారు. కాకపోతే మెనిస్కస్ కుట్టినవాళ్లు డాక్టర్ ఒప్పుకునేదాకా ఆగాలి.

ఇంట్లోనే స్నోబోర్డ్ కాళ్లు తెచ్చుకోవడం

లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర స్నో వరల్డ్ ఉంది కదా, అక్కడ ప్రాక్టీస్ చేయొచ్చుగా అని నన్ను చాలామంది అడిగారు. అది మంచులో ఆడుకునే చోటు. మనకు కావలసింది పొడవాటి వాలు. అది లేనప్పుడు వాలు మీద కాళ్లు చేసే పనిని ఇంట్లో చేయించాలి.

రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో 18 ఎంఎం ప్లైవుడ్ ముక్క, 75 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు కోయించుకోండి. గట్టి రకం నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క ఒకటి. పలక రెండు చివర్లా కింద చెక్క పట్టీలు స్క్రూలతో బిగించాలి, పలక పైపు మీంచి జారిపోకుండా అవే ఆపుతాయి. నున్నటి టైల్స్ మీద వద్దు, దళసరి కార్పెట్ వేయండి. మొదటి రెండు వారాలు కిటికీ ఊచ పట్టుకునే ఎక్కండి. ఆరో నెలకు ముందు, ఫిజియోకి చూపించకుండా ఇది మొదలుపెట్టొద్దు.

దాని మీద స్నోబోర్డ్ మీద నిలబడినట్టే నిలబడాలి. మీ బైండింగుల (బూట్లను బోర్డుకు బిగించే పట్టీల) మధ్య దూరం కొలుచుకుని పలక మీద సుద్దతో గీతలు గీసుకోండి. పాదాల కోణం దగ్గర జాగ్రత్త. రెండు పాదాలూ బయటికి బాగా తిప్పి పెట్టుకునే డక్ స్టాన్స్ చాలామందికి అలవాటు. అలా పెట్టి వంగినప్పుడు మోకాలు పాదం దిశలో కాకుండా లోపలికి పోతుంటే కోణం తగ్గించండి. నేను వెనక పాదాన్ని మైనస్ 15 డిగ్రీల నుంచి మైనస్ 6 డిగ్రీలకి మార్చాను, మోకాలు నిటారుగా వచ్చింది.

పలక లేకుండా నేల మీద కూడా పని ఉంది. ఆ స్టాన్స్‌లోనే సగం గుంజీలో ఆగి, మునివేళ్ల మీదికి లేచి ముప్పై సెకన్లు. తర్వాత మడమల మీదికి వాలి, వేళ్లు పైకెత్తి ముప్పై సెకన్లు. మొదటిది టో ఎడ్జ్ (బోర్డుకు వేళ్ల వైపు అంచు) మీద నిలబడటం, రెండోది హీల్ ఎడ్జ్ (మడమల వైపు అంచు) మీద. ఆపకుండా మార్చుకుంటూ రెండు నిమిషాలు పట్టాలి. తొడలు మండిపోతాయి. వాలు మీద మధ్యాహ్నానికి ఆ మంటే వస్తుంది, ఆ మంటలోనే మోకాలు అదుపు తప్పుతుంది. అందుకే అలసట ఎలా ఉంటుందో ఇంట్లోనే తెలుసుకుని వెళ్లాలి.

కొలత: టికెట్ కొనే ముందు పాసవ్వాల్సిన పరీక్షలు

2016లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. నార్వే, అమెరికా పరిశోధకులు ఏసీఎల్ సర్జరీ అయిన 106 మందిని రెండేళ్లపాటు గమనించారు. ఆటలోకి తిరిగి వెళ్లడాన్ని తొమ్మిదో నెల దాకా ఒక్కో నెల వాయిదా వేసినకొద్దీ మళ్లీ మోకాలు దెబ్బతినే రేటు 51 శాతం చొప్పున తగ్గింది. పరీక్షలు పాసవకుండా ఆటలోకి వెళ్లినవాళ్లలో 38.2 శాతం మందికి మళ్లీ మోకాలి గాయమైంది. పాసై వెళ్లినవాళ్లలో 5.6 శాతం మందికే. అది ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్ లాంటి గిర్రున తిరిగే ఆటల లెక్క, స్నోబోర్డ్‌ది కాదు. అయినా ఆ రెండు అంకెలూ చదివాక నాకు తొందర పోయింది.

పరీక్షలు ఇవి. తొడ ముందు కండరం బలం, దెబ్బ తగిలిన కాలిది రెండో కాలితో పోలిస్తే 90 శాతం దాటాలి. దీన్ని ఐసోకైనెటిక్ మెషీన్ మీదో, చేత్తో పట్టుకునే డైనమోమీటర్‌తోనో కొలుస్తారు. హైదరాబాద్‌లో పెద్ద స్పోర్ట్స్ మెడిసిన్ విభాగాల్లో ఈ సదుపాయం కోసం అడగండి. దొరక్కపోతే లెగ్ ఎక్స్‌టెన్షన్ మీద ఒక్కో కాలితో పదిసార్లు ఎత్తగలిగే బరువును పోల్చి చూడమని ఫిజియోని అడగండి. తర్వాత నాలుగు గెంతులు: ఒంటికాలితో ఒక గెంతు, వరసగా మూడు గెంతులు, గీతకు అటూ ఇటూ దాటుతూ మూడు గెంతులు, ఆరు మీటర్లు ఒంటికాలి మీద ఎంత సేపట్లో దాటారన్నది. అన్నింటిలోనూ 90 శాతం. దిగినప్పుడు కాలు కదలకుండా నిలవాలి, నిలవకపోతే ఆ గెంతు లెక్కలోకి రాదు.

ఒక మెలిక ఉంది. ఇన్ని నెలలు ఆడకుండా ఉండేసరికి మంచి కాలు కూడా సన్నబడుతుంది. దానితో పోలిస్తే 90 శాతం వచ్చిందని సంబరపడితే, రెండు బలహీనమైన కాళ్లు సమానమయ్యాయని అర్థం. అందుకే వీలైతే సర్జరీకి ముందే మంచి కాలి బలం కొలిపించి పెట్టుకోండి.

జనవరిలో, తొమ్మిది నెలలు నిండాక, నాకు 81 శాతం వచ్చింది. జనవరి ఆఖరికి శ్రీనగర్ టికెట్లు కొనేసి ఉన్నాను. ఫిజియో మేడం కాగితం నా వైపు తిప్పి, అంకె మీద పెన్నుతో సున్నా చుట్టారు, ఏమీ అనలేదు. ఆ రాత్రే టికెట్లు రద్దు చేశాను. ఫిబ్రవరి ఆఖర్లో మళ్లీ కొలిస్తే 93. అప్పుడు కొన్నాను.

పెద్ద ఆటగాళ్లకే ఇది తప్పలేదు. అమెరికన్ స్కీయర్ లిండ్సే వాన్ 2013 ఫిబ్రవరిలో ఆస్ట్రియాలోని ష్లాడ్మింగ్‌లో కుడి మోకాలి ఏసీఎల్, ఎంసీఎల్ (మోకాలి లోపలి పక్క లిగమెంట్) రెండూ తెంచుకుంది. అదే ఏడాది నవంబర్‌లో ప్రాక్టీస్‌లో పడి అదే ఏసీఎల్‌ని మళ్లీ దెబ్బతీసుకుంది. 2014 సోచి ఒలింపిక్స్‌కి వెళ్లలేకపోయింది.

శరీరం పాసైనా మనసు పాసవకపోవచ్చు. దీనికీ కొలత ఉంది, ఏసీఎల్-ఆర్ఎస్ఐ అని పన్నెండు ప్రశ్నల పత్రం. భయం, నమ్మకం, మళ్లీ పడతానేమో అన్న ఆలోచన, అన్నిటికీ మార్కులు వేసుకుంటారు. ఫిజియో దగ్గర నిజాయితీగా నింపండి. మార్కులు తక్కువ వస్తే సిగ్గుపడాల్సిందేమీ లేదు, గెంతి దిగే సాధన ఇంకొంచెం చేస్తే నమ్మకం వస్తుంది.

నెలల లెక్క, చోటు, సామాను

మన దేశంలో సీజన్ జనవరి నుంచి మార్చి దాకా. మీ సర్జరీ ఫిబ్రవరిలో అయితే వచ్చే జనవరికి పదకొండు నెలలు, అవకాశం ఉంది. జూన్‌లో అయితే జనవరికి ఏడు నెలలే. ఆ సీజన్‌ని ఇప్పుడే వదిలేసుకుంటే ఆర్నెల్లు మనసు కొట్టుకోవడం తప్పుతుంది.

మొదటి ట్రిప్పుకి గుల్మార్గ్‌ని నేను ఎంచుకున్నది గోండోలా, అంటే తీగ మీద వెళ్లే కేబుల్ కార్ కోసం. గోండోలాలో బోర్డు విప్పేసి, రెండు కాళ్ల మీద నడిచి ఎక్కుతాం, నడిచి దిగుతాం. కుర్చీ లిఫ్ట్‌కి ఒక కాలు కట్టి ఒక కాలు విడిగా దిగాలి. నా మోకాలు పోయిందే అక్కడ. స్నోబోర్డులో రెండు కాళ్లూ ఒకే పలకకి కట్టి ఉంటే మోకాలు మెలిపడటం స్కీ కంటే తక్కువ. రెండూ విడిగా ఉన్నా భయం లేదు. ఒకటి కట్టి ఒకటి వదిలినప్పుడే బోర్డు మొత్తం పొడవు ముందు మోకాలిని తిప్పే మీటలా పనిచేస్తుంది, పైగా స్నోబోర్డ్ బైండింగ్ స్కీ బైండింగ్‌లా ఊడిరాదు. కాబట్టి మొదటి ట్రిప్పంతా ఒకే నియమం: రెండూ కట్టాలి, లేదా రెండూ విప్పాలి. చదును చోట ఒంటికాలితో నెట్టుకుంటూ పోవద్దు, బోర్డు చంకన పెట్టుకుని నడవండి.

దుబాయ్ ఇంకో దారి. 2005లో తెరిచిన ఇండోర్ స్కీ దుబాయ్‌లో పొడవైన రన్ 400 మీటర్లు. ఇక్కణ్ణుంచి సుమారు నాలుగు గంటల విమానం. వాతావరణం మారదు, రాళ్లు దాక్కుని ఉండవు. కుర్చీ లిఫ్ట్ మాత్రం ఉంది, దాని జోలికి పోకుండా కింది వాలుకే పరిమితమవ్వండి.

బ్రేస్ వేసుకోవాలా అన్నది సర్జన్ నిర్ణయం. వేసుకోమంటే కొత్తది మంచు మీద మొదటిసారి తొడగొద్దు. ఇక్కడే స్నో ప్యాంటు కింద వేసుకుని రెండు గంటలు తిరిగి, ఎక్కడ ఒరుస్తుందో చూసుకోండి. మే నెలలో ఆ పని చేయకండి, చెమటకి చర్మం లేచిపోతుంది. మోకాళ్ల ప్యాడ్లు, మణికట్టు గార్డులు, హెల్మెట్ తప్పనిసరి. స్నోబోర్డర్లు ఎక్కువగా విరగ్గొట్టుకునేది మణికట్టే. పడేటప్పుడు పిడికిళ్లు మూసి ముంజేతుల మీద పడటం కార్పెట్ మీద సాధన చేసి వెళ్లండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీలో వింటర్ స్పోర్ట్స్, పాత గాయం అన్న రెండు మాటలు వెతికి చదవండి. చాలా పాలసీలు ఈ రెండింటినీ మినహాయిస్తాయి.

మంచు మీద మొదటి నాలుగు రోజులు

చేరిన రోజు బోర్డు కట్టొద్దు. హైదరాబాద్ ఐదు వందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్లు. బూట్లు వేసుకుని ఊరంతా నడవండి, నీళ్లు తాగండి, పడుకోండి.

మొదటి రోజు గంటన్నర, అంతే. గోండోలా దగ్గరి చిన్న వాలు మీదే. బోర్డు చేత్తో పట్టుకుని ముప్పై అడుగులు పైకి నడవండి, కట్టుకోండి, దిగండి. లిఫ్ట్ లేకపోవడమే మంచిది, నడక వల్ల ఒళ్లు వేడిగా ఉంటుంది, రన్‌లు తక్కువవుతాయి. హీల్ ఎడ్జ్ మీద పక్కకి జారడం, టో ఎడ్జ్ మీద జారడం, ఎండుటాకు రాలినట్టు అటూ ఇటూ ఊగుతూ దిగడం. మలుపులు వద్దు. కూర్చున్నవాళ్లు హీల్ సైడ్ నుంచి లేవాలంటే బాగా ముడుచుకున్న మోకాలి మీద బరువంతా పడుతుంది. దానికి బదులు బోర్లా తిరిగి, చేతులు ఆనించి, టో సైడ్ నుంచి లేవండి.

నేను మొదట టో ఎడ్జ్ మీద నిలబడినప్పుడు ఎడమ తొడ దానంతటదే వణికింది. చలికి కాదు. కిందికి చూడలేక ఎదురుగా వాలు కేసి, నా ముక్కుకి నాలుగడుగుల్లో ఉన్న మంచు కేసి చూస్తూ ఉండిపోయాను. తర్వాత పట్టు కొంచెం వదిలాను. ఎడ్జ్ కింద మంచు గరగరమని గీసుకుంది. రెండు కాళ్ల కిందా ఒకే చప్పుడు. ఆ చప్పుడు సమానంగా ఉన్నంతసేపు బరువు కూడా సమానంగా ఉన్నట్టే, అప్పట్నుంచి కళ్లకంటే చెవుల్నే నమ్ముకున్నాను.

వేళ కూడా చూసుకోండి. జనవరిలో రాత్రి గడ్డకట్టిన మంచు పొద్దున్నే గాజులా ఉంటుంది, కాస్త ఎండ తగిలాక మొదలుపెట్టండి. మార్చిలో కింది వాలుల మీద మధ్యాహ్నానికి మంచు తడిసి బరువెక్కి బోర్డును పట్టేస్తుంది, కాబట్టి పన్నెండుకల్లా ఆపేయండి. నొప్పి మాత్ర వేసుకుని వాలు ఎక్కొద్దు. మోకాలు చెప్పే మాట వినబడాలి.

రెండో రోజు పొద్దున మంచం మీదే మోకాలిని కొలవండి. కుట్టుపని టేపు వెంట తీసుకెళ్లండి, చిప్ప మధ్య నుంచి చుట్టుకొలత. బయల్దేరే ముందు ఇంట్లో రాసుకున్న అంకెకి సెంటీమీటర్ ఎక్కువుంటే ఆ రోజు బోర్డు లేదు, కాంగ్డీ (నిప్పుల కుండ) పక్కన కూర్చుని కహ్వా (కశ్మీరీ టీ) తాగండి. వాపు లేకపోతే ఇంకో గంటన్నర, మలుపులతో. మూడో రోజు వాపు ఉన్నా లేకపోయినా విశ్రాంతి. నాలుగో రోజు గోండోలాలో మొదటి మజిలీ కాంగ్డోరి దాకా వెళ్లొచ్చు, కానీ అక్కణ్ణుంచి దిగే వాలు మీ స్థాయికి సరిపోతుందని గైడ్ చెబితేనే. లేదంటే గోండోలాలోనే తిరిగి రండి.

గుల్మార్గ్ పైనున్న అఫర్వత్ శిఖరం వైపు, తొక్కని లోతు మంచులోకి ఈ ట్రిప్పులో వెళ్లొద్దు. అక్కడ రాళ్లు కనబడవు, పడితే లేవడానికి మోకాలు చాలా పనిచేయాలి. మంచుచరియల ప్రమాదం ఎవరికైనా ఉంటుంది, 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు అక్కడ చనిపోయారు. గెంతులు ఈ సీజన్ మొత్తం వద్దు.

“ఇంకొక్క రన్” అనిపించినప్పుడు బోర్డు విప్పేయండి. దెబ్బ తగిలిన రోజు నేను ఆఖరిసారి లిఫ్ట్ ఎక్కింది కూడా ఇంకొక్కటే అనుకునే.

తిరిగొచ్చాక

వారంలోపు ఫిజియోకి చూపించండి. చుట్టుకొలత, ఒంటికాలి గెంతు, తొడ బలం మళ్లీ కొలిపించండి. జిమ్ వారానికి రెండు రోజులు కొనసాగాలి, ఎందుకంటే ఇక ముందు దెబ్బ తగిలే అవకాశం రెండో మోకాలికీ ఉంది. కుర్చీ లిఫ్ట్ సంగతి రెండో సీజన్‌లో చూసుకోవచ్చు. ముందుగా చదును నేల మీద ఒక కాలు కట్టుకుని, వెనక పాదాన్ని వెనక బైండింగ్‌కి ఆనించి, ముక్కు నేరుగా పెట్టి పది మీటర్లు జారి ఆగడం వంద సార్లు చేయండి. లిఫ్ట్ దగ్గర ఆపరేటర్ని మెల్లగా తిప్పమని అడగండి, అడిగితే తగ్గిస్తారు. దిగాక పక్కకి తిరగొద్దు, బోర్డు తనంతట తాను ఆగేదాకా నేరుగా వెళ్లండి. నేను వచ్చే ఫిబ్రవరిలో అదే చేయబోతున్నాను. అమ్మకి చెప్పాను. “మల్ల గా మంచు మీదికేనా?” అని కాసేపు మాట్లాడలేదు. తర్వాత చాప పరిచి, “అయితే కూసో, సూస్త” అంది.